అందని జోకుకు నవ్విన తండ్రి

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన మూడో ఘనకార్యం కుటుంబ మధ్యవర్తిత్వ కేంద్రం. విడిపోయిన తల్లిదండ్రులు పోట్లాడుకోకుండా బిడ్డ సంగతులు తేల్చుకోవడానికి అక్కడ రెండు గదులున్నాయి. ఒకదానిలో తల్లి, ఇంకోదానిలో తండ్రి, నడుమ పలచని చెక్క గోడ. అటు మాట ఇటు మోయడానికి ఒక మధ్యవర్తి. (తుమ్ములు మాత్రం అనుమతి లేకుండా గోడ దాటవచ్చు.)

శనివారాలు తల్లివి, ఆదివారాలు తండ్రివి. వచ్చే శనివారం నాలుగింటికి కూతురి మొదటి ఈతపోటీ. "నాన్నా, నువ్వు గట్టు మీదుంటేనే దూకుతా" అని ఎనిమిదేళ్ల పిల్ల తేల్చి చెప్పింది. ఒప్పందం లేకుండా వెళ్తే ఆదివారాలు కూడా ఊడిపోతాయి. అందుకే ఆ తండ్రి, గడియారాలు బాగుచేసే మనిషి, గురువారం కొట్టు కట్టేసి వచ్చి దరఖాస్తు ఇచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

రెండో నిమిషంలోనే గోడ అవతల తల్లి గొంతు వినిపించింది.

"రమ్మనండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దనండి. కిందటిసారి ఆయన కోసం లైఫ్‌గార్డు దూకాల్సొచ్చింది."

తండ్రి పకపకా నవ్వాడు. అదే కొంప ముంచింది. మధ్యవర్తి ఫైలు చంకన పెట్టుకుని, వరండా అంతా చుట్టి, పావుగంటకు ఇవతలికి వచ్చాడు.

"మీరు నవ్వినట్టు వినిపించింది."

"ఆవిడ జోకేసింది కదండీ."

"ఆ జోకు ఇంకా నా ఫైల్లోనే ఉంది సార్. అందని మాటకి నవ్వితే, తొమ్మిదో నిబంధన ప్రకారం అంతా మళ్లీ మొదటికొస్తుంది. సోమవారం ఉత్తరం పంపిస్తాం."

"పోటీ శనివారమండీ."

"సోమవారానికి మార్చుకోమని పాపకి నచ్చజెప్పండి."

అప్పుడు అవతలి గదిలో తల్లి గోడతో మాట్లాడడం మొదలుపెట్టింది. (గోడతో మాట్లాడకూడదన్న నిబంధన ఇంకా రాలేదు.)

"శనివారం నాలుగింటికి గట్టుకి ఎడం పక్క ఖాళీగానే ఉంటుంది. ఎవరొచ్చి నిలబడ్డా నేను ఫిర్యాదు చెయ్యను."

తండ్రి గోడ మీద రెండుసార్లు తట్టాడు. పదకొండేళ్ల కాపురంలో ఎన్నడూ లేనిది, ఆమె మాట చివరిదాకా విన్నాడు. ఆ సంగతి తలుచుకుంటే అతనికే సిగ్గేసింది.

శనివారం పిల్ల దూకింది. అయిదుగురిలో నాలుగోదిగా వచ్చింది. గట్టుకి ఇటొకరు అటొకరు నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు.

సోమవారం ఉత్తరం అందింది. గడిచిన శనివారపు పోటీకి తండ్రి హాజరు కావచ్చునట, సమయపాలన తప్పనిసరి అట. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: "ఇరుపక్షాల సౌకర్యార్థం చెక్క గోడను తొలగించి, ఇటుక గోడ కట్టించడమైనది."