కుడి సీటెక్కిన టాబ్లెట్

అన్యాయం జరిగింది ఎవరికి? నోరీన్ ప్లంకెట్‌కు. ఏమిటా అన్యాయం? దారి తప్పిన ఒక మనిషిని ఆకాశంలోంచి ప్రాణాలతో కిందికి దించినందుకు ఆమెకు రావలసిన కృతజ్ఞత ముప్పైఎనిమిదేళ్లుగా రాలేదు. అదే మనిషి, కిందటి ఏడాది కొనుక్కున్న టాబ్లెట్‌కు మాత్రం నెలనెలా క్లబ్ పత్రికలో కృతజ్ఞతలు అచ్చు వేయిస్తున్నాడు.

ఫిర్యాదు నమోదయింది కదా? ఇక నేను ముద్దాయి తరఫున వాదిస్తాను. ముద్దాయి టాబ్లెట్. చిన్న విమానంలో పైలట్ కళ్లెదుట, తెర మీద మ్యాపు చూపే ఈ టాబ్లెట్ బిగించడం ఈ శతాబ్దంలో మానవజాతికి దక్కిన మహాభాగ్యమని నా దృఢవిశ్వాసం!

నవ్వకండి. కాన్వెంట్‌లో పన్నెండేళ్లు చదివినదాన్ని. నిరూపించలేని మాట రాయను.

మా వర్రాబిల్లి ఏరో క్లబ్ అధ్యక్షులు శ్రీ మెర్విన్ స్కల్లీ గారు ఈ పలకను క్లబ్ నాలుగు సీట్ల విమానంలో ప్రతిష్ఠించడానికి పడిన తపస్సు మునులు కూడా పడి ఉండరు. మొదట గాజుకు అతుక్కునే రబ్బరు గిన్నెతో ముందు అద్దానికి అంటించారు. భూగోళం అడుగున ఉన్న మా ఊళ్లో నవంబరంటే వేసవి; ఆ ఎండకు రేకుల మీద గుడ్డు ఉడుకుతుంది. రబ్బరు ఓ లెక్కా? విమానం నేల విడిచిన క్షణంలో రబ్బరు అద్దాన్ని విడిచింది. టాబ్లెట్ ఆయన ఒళ్లో పడింది. ఎక్కడ పడిందో మర్యాదస్తురాలిని గనుక వివరించను. ఆయన స్వరం మాత్రం చర్చి గాయకబృందంలో చిన్నపిల్లల వరుసకు మారింది.

తర్వాత స్టీరింగుకు బిగించారు. కిందికి దిగేటప్పుడు స్టీరింగును వెనక్కి లాగాలి కదా! లాగినప్పుడల్లా టాబ్లెట్ అంచు ఆయన పొట్టలో దిగేది. ఇక లాగడానికి చోటు లేక విమానం కంగారూలా మూడు గంతులు వేసి ఆగేది. దీన్ని నష్టమంటారా? ఏ డాక్టరు చెప్పినా మానని బీరును ఆయన ఆరువారాలు మానారు. ప్రపంచంలో పొట్ట తగ్గించిన తొలి దిక్కు చూపే యంత్రం ఇదే!

ఆపైన తొడకు కట్టుకున్నారు. తల వంచి తొడవంక చూస్తూ గంటకు నూటపది మైళ్ల వేగంతో ప్రయాణించారు. వినయం నేర్పే వస్తువు కాదూ? ఆయనను తల వంచుకుని చూడటం మా ఊరికి అదే మొదలు.

చివరికి అయస్కాంతం స్టాండు తెప్పించారు. దాన్ని ఎక్కడ బిగించారు? ముందు అద్దం నడుమ వేలాడే దిక్సూచికి జానెడు దూరంలో! డెబ్బై ఏళ్లుగా ఉత్తరం తప్ప మరొకటి ఎరుగని ఆ సూది, ఆ రోజు నుంచి పక్కింటివారి వైపు తొంగిచూడటం మొదలుపెట్టింది. స్కల్లీ గారు గమనించలేదు. టాబ్లెట్ ఉన్నవారికి దిక్సూచితో ఏం పని?

టాబ్లెట్ వెనక పెట్రోలు ముల్లు దాగింది. మంచిదే, కనపడనిది కలవరపెట్టదు. ముందు అద్దంలో సగం మూసుకుపోయింది. అదీ మంచిదే. ఇటు చూసినా ఎర్రమట్టి, అటు చూసినా ఎర్రమట్టి, ఎంత చూస్తాం? బరువు తగ్గించాలని కాగితం మ్యాపును ఇంట్లో పెట్టేశారు. దాని స్థానంలో ఆరు చార్జర్లు, నాలుగు మూరల వైర్లు, ఇంకొక స్పేర్ టాబ్లెట్ ఎక్కాయి. ఆ స్పేర్ టాబ్లెట్ కుడి సీటులో కూర్చుంది. బెల్టు కూడా పెట్టుకుంది.

ఆ కుడి సీటు నోరీన్‌ది.

ఆమె భర్త టెడ్ క్లబ్ విమానం నడిపిన ముప్పైఏళ్లూ ఆమె ఆ సీటులో మ్యాపు ఒళ్లో పరుచుకుని కిటికీలోంచి కిందికి చూస్తూ కూర్చుంది. టెడ్ పోయాక కూడా ఎవరు నడిపినా ఆ సీటు ఆమెకే వదిలేవారు. ఇప్పుడామెకు డెబ్బైతొమ్మిది. టాబ్లెట్‌కు ఏడాది. మర్యాద ఎవరికి దక్కాలి? టాబ్లెట్‌కే! అది టీ అడగదు. ఫ్లాస్కు మూత పోగొట్టదు. అన్నిటికంటే ముఖ్యం, "మెర్విన్, నువ్వు తప్పు దారిలో పోతున్నావు" అని అనదు.

ఒకసారి అన్నందుకే కదా వచ్చింది తంటా!

ముప్పైఎనిమిదేళ్ల కిందట, ఇరవైరెండేళ్ల మెర్విన్ ధూళి తుపానులో చిక్కుకున్నాడు. నేను నోరీన్ వంటింట్లో బఠానీలు ఒలుస్తున్నాను. అల్మరా మీద, టెడ్ విమానంతో మాట్లాడటానికి పెట్టుకున్న రేడియోలోంచి ఏడుపు వినిపించింది.

"ఎవరైనా ఉన్నారా? ఏమీ కనపడట్లేదు... అంతా ఎర్రగా ఉంది... మా అమ్మకి చెప్పండి..."

నోరీన్ మైకు అందుకుంది. "మీ అమ్మకి నువ్వే చెబుదువుగాని, నాయనా. ముందు కిందికి చూడు. కింద ఏం కనిపిస్తోంది?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోవడమేమిటి? ఈ దేశంలో ఏం లేనిచోట కంచె ఉంటుంది. చూడు."

"కంచె... ఉందండీ! ఉంది!"

"తిన్నగా ఉందా, వంకర తిరిగిందా?"

"వంకరండీ. మోచేయి మడిచినట్టు. పక్కన రెండు నీళ్ల ట్యాంకులు."

నోరీన్ నవ్వింది. ఆ కంచె వాళ్ల నాన్న వేసినది. పక్క పొలం ఆసామితో బోరు నీళ్ల దగ్గర తగవుపడి, పంతానికి మోచేయిలా వంచాడు. ఆ వంకర ఏ మ్యాపులోనూ లేదు. ఆ మోచేయి ఎటు పొడుచుకుంటే అటు పదిహేను మైళ్లలో మా ఊరు.

పావుగంటలో కుర్రవాడు క్షేమంగా దిగాడు. ఆ సాయంత్రమే క్లబ్ బార్‌లో బీరు పెట్టె ఎక్కి నిలబడి, "నా దిక్సూచి, నా బుర్ర! ఈ రెండే నన్ను ఇంటికి చేర్చాయి!" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నోరీన్ కూడా కొట్టింది. మరుసటి నెల అతని పేరు చెక్కిన వెండి కప్పు ఇచ్చారు. ఏరు దాటాక తెప్ప తగలేసినవారిని చూశాం కాని, తెప్పే లేదని ప్రమాణం చేసినవారికి కప్పు ఇవ్వడం అక్కడే చూశాను.

ఆ కప్పు ఇస్తున్నప్పుడు నేను లేవబోతే నోరీన్ నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో. టపా విమానం ఉద్యోగానికి పోతున్నాడు. ఒక ఆడది వంటింట్లోంచి దారి చెబితే వచ్చాడంటే ఉద్యోగం ఇస్తారా? రేపు అందరికీ తనే చెబుతానని విమానాల షెడ్డు వెనక నాతో అన్నాడులే."

ఆ రేపు రాలేదు. నేనూ నోరు మెదపలేదు. నా వంతు తప్పు అది. దాన్ని దాచుకుని మరొకరిని వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇక పోయిన నెల సంగతి. దక్షిణాన ఉన్న కూలిండా ఏరో క్లబ్ మమ్మల్ని వార్షిక లంచ్‌కు పిలిచింది. స్కల్లీ గారు అక్కడ "టాబ్లెట్టే నా కో-పైలట్" అని నలభై నిమిషాలు ప్రసంగించారు. ఫొటోలు తీయమని తమ ఫోను ఎవరికో ఇచ్చి అక్కడే మరిచిపోయారు. నోరీన్, నేను వెనక సీట్లలో వైర్ల మధ్య వడియాల్లా ఎండుతూ తిరుగు ప్రయాణమయ్యాం. మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

అరగంటకు టాబ్లెట్ తెర నల్లబడింది. ఒంట్లో వేడి ఎక్కువైంది, చల్లబడేదాకా పని చేయనని మర్యాదగా తెలియజేసింది. స్కల్లీ గారు స్పేర్ టాబ్లెట్‌కు చెయ్యి చాపారు. అదీ సెలవు పెట్టింది. మధ్యాహ్నం ఎండలో పని మానేయాలన్న ఇంగితం మా విమానంలో ఆ రెండింటికే ఉంది!

"ఫరవాలేదు, ఫరవాలేదు," అన్నారాయన. "దిక్సూచి ఉంది కదా. ఉత్తరం చూపిస్తోంది. మనం పోవాల్సింది ఉత్తరానికే."

పది నిమిషాలు గడిచాయి.

"మెర్విన్," అంది నోరీన్.

"చెప్పండి, మిసెస్ ప్లంకెట్."

"ఎండ నా ఎడమ కంట్లో పడుతోంది."

"కర్చీఫ్ అడ్డం పెట్టుకోండి."

"ఈ వేళప్పుడు ఉత్తరానికి పోతుంటే ఎండ నా ఎడమ చెవి మీద పడాలి, నాయనా. ముప్పైఏళ్లు పడింది. కంట్లో పడుతోందంటే మనం పడమటికి వాలిపోతున్నాం."

"మీ చెవి కంటే దిక్సూచి నమ్మకమండీ!"

"దానికి నువ్వు అయస్కాంతం తినిపించావు. అది నిజం ఎలా చెబుతుంది? ఆ స్టాండు పీకెయ్."

పెట్రోలు ముల్లును టాబ్లెట్ మూసి ఉంచింది కదా? స్టాండు పీకగానే అది బయటపడింది. చూసిన ఆయన మెడ మీద చెమట బొట్లు నాకు లెక్కకు అందాయి. ఉన్న పెట్రోలు ఇల్లు చేరడానికి సరిపోతుంది. ఇల్లు ఎక్కడుందో వెతకడానికి సరిపోదు. ఆయన స్టాండును వెనక్కి అందించారు. దాన్ని తీసుకుని తోక వైపు నెట్టాను. జైలు నుంచి విడుదలైనట్టు సూది గిర్రున తిరిగింది. ముప్పై డిగ్రీల తేడా!

ఎటు ఎంత దూరం కొట్టుకొచ్చామో ఎవరికీ తెలియదు. కుడివైపుకు తిప్పమంది నోరీన్. తిప్పారు. కొంతసేపటికి, వంటింట్లో మాట్లాడినంత మామూలుగా, ఆమె అడిగింది: "కింద ఏం కనిపిస్తోంది?"

సగం మూసి ఉంచిన అద్దం ఇప్పుడు పూర్తిగా తెరిచి ఉంది. ఆయన ఏడాదిలో మొదటిసారి కిందికి చూశారు. చాలాసేపు చూశారు.

"కంచె," అన్నారు. గొంతు మారింది. అరవై ఏళ్ల మనిషి గొంతు కాదది. "వంకరండీ. మోచేయి మడిచినట్టు... పక్కన రెండు ట్యాంకులు."

"అయితే ఇంటికొచ్చేశాం," అంది నోరీన్, ఫ్లాస్కు మూత వెతుక్కుంటూ.

మరునాడు ఆయన కొబ్బరి కోరు అద్దిన కేకులు డబ్బా నిండా పట్టుకుని నోరీన్ ఇంటికి వచ్చారు. ఎదురింటిదాన్ని గనుక నేనూ వెళ్లాను.

"ఇదేమిటి?" అన్నాను.

"చిన్న థాంక్స్, మిసెస్ టియర్నీ. మా ఆవిడ చేసింది."

"అంటే థాంక్స్ కూడా మీ ఆవిడే చెబుతోందా?"

మా కాన్వెంట్‌లో సిస్టర్ పెర్పెట్యువా చెప్పిన సూత్రం ఒకటి ఆయనకు వినిపించాను: తీసుకున్నది తిరిగి ఇచ్చేదాకా పశ్చాత్తాపం ఉత్త దగ్గు. పదిమందిలో తీసుకున్నది పదిమందిలోనే ఇవ్వాలి.

"అందరి ముందా?" అన్నారు పాలిపోయి.

"అబద్ధం ఎక్కడ చెప్పావు, మెర్విన్?" అన్నాను.

"బార్‌లో."

"ఎలా?"

"బీరు పెట్టె ఎక్కి."

"అయితే పెట్టె ఎక్కు."

ఈసారి నోరీన్ నా చెయ్యి పట్టుకోలేదు. కేకు ఒకటి తీసుకుని, "కొంచెం ఎండిపోయింది," అని మాత్రం అంది.

శనివారం సాయంత్రం ఆయన పెట్టె ఎక్కారు. ఇద్దరు రెక్కలు పట్టుకుని ఎక్కించారు. మొత్తం చెప్పారు. కంచె చెప్పారు, వంటింటి రేడియో చెప్పారు, షెడ్డు వెనక ఇచ్చిన మాట చెప్పారు. అమ్మ కోసం ఏడ్చిన సంగతి కూడా చెప్పారు. అది నేను అడగలేదు. అద్దాల బీరువాలోంచి కప్పు తీసి నోరీన్ చేతిలో పెట్టారు. ఆమె తిప్పి చూసి, "ఇందులో టీ పోస్తే చేతులు కాలతాయి," అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి. ఈ న్యాయం ఎవరి వల్ల జరిగింది? నా వల్లా? ముప్పైఎనిమిదేళ్లు నోరు మూసుకున్నాను. సిస్టర్ పెర్పెట్యువా వల్లా? ఆమె సమాధి అయి నలభై ఏళ్లు. టాబ్లెట్ వల్ల! అది ఆ ఎండలో కళ్లు మూయకపోతే ఈయన కళ్లు తెరిచేవారా? చల్లని రోజున బయలుదేరి ఉంటే నిజం ఇంకో ముప్పైఎనిమిదేళ్లు షెడ్డు వెనకే ఉండేది! అందుకే ముద్దాయిని నిర్దోషిగా విడిచిపెట్టమని కోరుతున్నాను. పలక దారి చూపితే థాంక్స్ చెప్పడానికి ఏ మగవాడికీ అభ్యంతరం లేదు. పక్కనున్న మనిషి చూపినప్పుడే ఆ మాట గొంతుకు అడ్డం పడుతుంది. ఇందులో పలక తప్పేముంది?

నిన్న ఆదివారం మళ్లీ ఎగిరాం. టాబ్లెట్ నా పక్కన వెనక సీటులో బెల్టు పెట్టుకుని కూర్చుంది. పెద్దమనసు చేసుకుని దానికి కిటికీ వైపు చోటిచ్చాను. కుడి సీటులో నోరీన్, ఒళ్లో కాగితం మ్యాపు.

కంచె మీదుగా పోతున్నప్పుడు స్కల్లీ గారు రేడియో మైకు అందుకున్నారు. చుట్టూ రెండువందల మైళ్లలో ఎగిరే ప్రతి విమానం, రేడియో ఉన్న ప్రతి వంటిల్లు వినే చానెల్ అది.

"వర్రాబిల్లికి వస్తున్నాం," అన్నారు. "దారి చూపుతున్నది నోరీన్ ప్లంకెట్. అప్పుడూ ఆవిడే."

నోరీన్ మ్యాపు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "సరే, నాయనా," అంది. "ఇక బాకీ లేదు."