గ్లవ్స్ తొడుక్కున్న ప్రార్థన

ఆదివారం పొద్దున్నే అనీషా వేసుకున్న ప్లాను చిన్నదే. ఆసుపత్రిలో నర్సింగ్ ప్లేస్‌మెంట్ శిక్షణకు ఆఖరి రోజు కదా, తన పని చూసి మార్కులేసే వసుంధర మేడమ్ చేత పాస్ అనిపించుకుని, శివారులోని టార్నీట్‌కు రైలెక్కి, ఇంటికెళ్లి పడుకోవాలి. ఫెయిలైతే సెమిస్టర్ మళ్లీ మొదటికొస్తుంది.

ఆమెకు అప్పగించిన పేషెంటు వాళ్ల తెలుగు చర్చి పెద్ద రాయప్ప. ఆయన కాలి పుండులో మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని మొండి బ్యాక్టీరియా చేరడంతో విడిగా గది ఇచ్చారు. లోపలికెళ్లేవాళ్లు గౌను, గ్లవ్స్ వేసుకోవాలి. వచ్చేటప్పుడు అక్కడే తీసేసి చేతులు కడుక్కోవాలి. అనీషా ఆయన భార్య సువార్తమ్మకు ఫోన్ చేసి, కంగారులో మొదటి సగమే చెప్పింది.

"అంకుల్‌ని ఒట్టి చేతుల్తో ముట్టుకోకూడదు ఆంటీ. గౌన్, గ్లవ్స్ ఉంటేనే ఎంట్రీ."

"ముట్టుకోకూడదా? అంత సీరియస్సా తల్లీ!"

ఆవిడ వెంటనే చర్చి గ్రూపులో పెట్టింది. కబురు వాట్సాప్‌లో పాకింది. ఆరాధన ముగియగానే చర్చి సగం వ్యాన్లెక్కి ఆసుపత్రిలో దిగింది. జబ్బుమనిషి తల మీద చెయ్యి వేయనిదే మనవాళ్లకు ప్రార్థన చేసినట్టుండదాయె!

ఇద్దరిద్దరుగా లోపలికి పంపి, అనీషా ఇంకొన్ని గౌన్లు తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి లోపలికెళ్లినవాళ్లంతా అవే గ్లవ్స్‌తో కారిడార్లో ఉన్నారు.

"పక్క గదుల్లోవాళ్లకి కూడా ప్రేయర్ చేసేద్దామనమ్మా," అంది సువార్తమ్మ, ఓ తలుపు మీద చెయ్యి వేయబోతూ.

"ఆంటీ, స్టాప్! ఎవ్వరూ ఏదీ టచ్ చెయ్యొద్దు! అందరూ చేతులు పైకెత్తండి!"

ఎత్తారు. చేతులు లేస్తే నోళ్లు ఊరుకుంటాయా? పాట అందుకున్నారు.

"నేనింకా పోలేదర్రా!" గదిలోంచి రాయప్ప కేకేశాడు. "ఆకలేస్తోంది, ఇడ్లీలేమన్నా తెచ్చారా?"

సరిగ్గా అప్పుడే వసుంధర మేడమ్ వచ్చింది. అనీషాకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆగకుండా ఒక్కొక్కరి గ్లవ్స్, గౌను తీయించి, సింకు దగ్గర చేతులు కడిగించింది.

"ఇంతమందిని కంట్రోల్ చేశావే! ఎక్సలెంట్!" అంది మేడమ్. ఆ హుషారులో గదిలోకి దూరి, ఒట్టి చేతుల్తోనే రాయప్ప కాలి కట్టు సర్ది, బయటికొచ్చి అనీషాకు చెయ్యి చాచింది.

అనీషా ఆ చెయ్యి అందుకోలేదు. పాస్ చేయాల్సిన మనిషికే తప్పు చూపించడమా? కానీ రాయప్ప పుండు ఆమె రోజూ చూస్తున్నదే.

"మేడమ్... మీ చేతులు," అంది, కళ్లు గట్టిగా మూసుకుని.

కారిడార్లో పాట ఆగిపోయింది. మేడమ్ ముఖం ఎర్రబడింది. తన చేతుల వంక చూసుకుంది.

"నాకు చెప్పగలిగావంటే ఎవరికైనా చెప్పగలవు. యూ పాస్," అంటూ సంతకానికి అనీషా జేబులోని పెన్ను అందుకోబోయింది.

సువార్తమ్మ ఆ పెన్ను తీసి వెనక దాచుకుని, మేడమ్‌కు సింకు చూపించింది.