డెమో రోగి

"ఇకమీదట మన ఆసుపత్రిలో రోగిని రోగిగా చూడటం బంద్. సంస్కృతిగా చూస్తాం!" అని డైరెక్టర్ జానకీరామయ్య గారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మైకు సెట్టు నాది కాబట్టి ఆ చారిత్రక వాక్యం నా స్పీకర్ల గుండానే బరంపురానికి చేరింది. నా కళ్లు చెమర్చాయి.

శిక్షణ పేరు సాంస్కృతిక సామర్థ్యం. డాక్టర్లూ నర్సులూ అందరూ హాల్లోనే ఉండాలి కాబట్టి ఓపీకి తాళం వేసి బోర్డు తగిలించారు: "మిమ్మల్ని అర్థం చేసుకోవడం నేర్చుకుంటున్నాం. రేపు రండి." ఇంత మర్యాదగా తాళం వేసిన ఆసుపత్రిని నేనింకెక్కడా చూడలేదు.

ఢిల్లీ నుంచి దిగిన ట్రైనర్ రాగిణి గారు స్లైడు వేశారు. గోచీ, భుజాన వల, నోట్లో చుట్ట. "ఇతనే మత్స్యకారుడు. ఇతని బాధను మనం గౌరవించాలి." గౌరవించి చూపించడానికి చికిటి ఊరి నాటక సమాజం నుంచి రోగి వేషంలో ఒక నటుడు రావాల్సి ఉంది.

అంతలో సోనేపూర్ పోతయ్య వచ్చాడు. సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. ఓపీ తాళం చూసి, మాటలు వినబడ్డ వైపు నడిచొచ్చాడు. కుడి అరచేతిలో జెల్లచేప ముల్లు విరిగి, చెయ్యి మోచేతిదాకా వాచిపోయింది.

"బాబూ, ముల్లు దిగిపోనాది. సెయ్యి పోద్దేమో సూడండి."

"డెమో రోగి వచ్చేశారు!" అన్నారు డైరెక్టర్ గారు. మళ్లీ చప్పట్లు.

డాక్టర్ శరత్ చంద్ర గారు పాపం ఆ చెయ్యి పట్టుకోబోయారు.

"నో!" అన్నారు రాగిణి గారు. "కులపెద్ద అనుమతి లేనిదే ముట్టరాదు. స్లైడ్ ఏడు."

"పెద్దని నానే తల్లీ. ముట్టమనండి!"

"పేషెంటూ పెద్దా ఒకరే అయితే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్," అని డైరెక్టర్ గారు విచారించారు.

పైగా అనువాదకుడు ఉండి తీరాలట. డాక్టరు గారింట్లో తెలుగే, పోతయ్యదీ తెలుగే. అయినా రూలు రూలే. ఖాళీగా కనబడింది నేనొక్కణ్ణే. అతను "ముల్లు" అన్నాడు. నేను డాక్టరు గారి వైపు తిరిగి "ముల్లు" అన్నాను. "ఎక్సలెంట్!" అన్నారు రాగిణి గారు. అందరూ రాసుకున్నారు.

డాక్టరు గారు స్లైడు చూసి అడిగారు: "సముద్రంతో మీ అనుబంధం ఎలాంటిది?"

"ఇదిగో బాబూ, సేతిలోనే ఉన్నాది."

సరిగ్గా అప్పుడు దిగాడు అసలు నటుడు శివరామ్. గోచీ, వల, చుట్ట. "అమ్మా గంగమ్మా!" అంటూ కూలబడి రాగం తీసి ఏడ్చాడు. హాలంతా లేచి నిలబడింది. "ఇదీ బాధంటే!" అని రాగిణి గారు కళ్లొత్తుకున్నారు. నర్సు కమలాకుమారి పరుగున వెళ్లి అతని చెయ్యి కడిగి, ఇంజెక్షన్ పొడిచి, కట్టు కట్టింది. శివరామ్ కళాకారుడు. సూది దిగినా పాత్ర వదల్లేదు.

డైరెక్టర్ గారు పోతయ్య ఫుట్‌బాల్ టీషర్టునీ, జేబులోని సెల్‌ఫోన్నీ చూసి మొహం చిట్లించారు.

"నీ వేషంలో జీవం లేదయ్యా. మత్స్యకారుడు ఇలా ఉంటాడా?"

"మరేటి సెయ్యమంతారు బాబూ? నాను ఇలగే ఉంతాను."

నటనకు పదికి రెండు మార్కులు వేసి పంపేశారు.

నేను వైర్లు చుట్టుకుని బయటికొచ్చేసరికి గేటు దగ్గర పోతయ్య, ఇంకా వేషంలోనే ఉన్న శివరామ్‌ని పట్టుకున్నాడు.

"తమ్ముడూ, ఆ ఏడుపు నాకూ కూసింత నేర్పవా?"

శివరామ్ మంచివాడు. "ఊపిరి పొట్టలోంచి లాగాల మావా. ముల్లుని మర్సిపో. జనాన్ని సూడు."

పోతయ్య ఒకటికి రెండుసార్లు తడబడ్డాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపుకి నా స్పీకర్లు అక్కర్లేకపోయింది.

ఆ ఏడుపు విని కమలాకుమారి సిరంజితో పరుగెత్తుకొచ్చింది. పోతయ్యను పక్కకి జరగమని, శివరామ్‌కి రెండో ఇంజెక్షన్ పొడిచింది.