మూడువందల పన్నెండు గొట్టాలు

పెద్దపేగు క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టే మహత్తర జన్యు శిబిరాన్ని మైదుకూరు పక్క పల్లెలో నాయకులవారు ప్రారంభించారు. కత్తెరకు తెగకపోతే రిబ్బనును చేత్తోనే తెంపి, అదీ ప్రజాసేవే అని నిరూపించారు.

డాక్టర్ ప్రణీత మైకు అందుకుంది. "మన కణాల్లో కొన్ని ఆర్ఎన్ఏలు ప్రొటీన్లు తయారుచెయ్యవు. తయారుచేసేవాటిని అదుపులో పెడతాయి. వాటి జన్యువుల్లో చిన్న తేడాలుంటే ముప్పు కాస్త పెరగొచ్చు. గొట్టంలో ఉమ్మితే చాలు, తెలిసిపోతుంది."

"సొంతంగా ఏమీ చెయ్యకుండా అందరినీ నడిపిస్తాయన్నమాట!" నాయకులవారు ముచ్చటపడిపోయారు. "అట్లాంటోళ్లు లేకపోతే ఏ పనీ జరగదమ్మా." ఆ తర్వాత డాక్టరమ్మను భోజనానికి తీసుకెళ్లారు.

దర్జీ హజరత్ వలి మధ్యాహ్నానికి గానీ రాలేకపోయాడు. వాళ్లన్న ఈ జబ్బుతోనే పోయాడు. రెండు నెలలుగా వలికీ దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది. భయంతో నిద్ర లేదు. భార్య జమీలాబీ గదమాయించి పంపింది.

బల్ల దగ్గర పొరుగూరి పార్టీ కార్యకర్త మద్దిలేటి ఈ ఊరి ఓటర్ల లిస్టు ముందేసుకుని చింతకాయ చప్పరిస్తున్నాడు. ఇరవయ్యేళ్లుగా పోలింగు రోజున ఎవరికీ శ్రమ లేకుండా చూసిన అనుభవశాలి.

"నీది పొద్దున్నే పడిపాయ కదప్పా," అన్నాడు లిస్టు చూసి.

"ఏంది పడింది?"

"ఉమ్మి. టిక్కు గూడా ఉండాది."

"నేనిప్పుడే వస్తాండా కదన్నా!"

"జనం రాకుంటే నాయకుని పరువు యాడికి పోవాల? మూడొందల పన్నెండు గొట్టాలు వలీ! ఒక్కన్నే నింపినా. నోరు పిడచగట్టుకపాయ."

"నాకు నెత్తురు పడతాండాదన్నా..."

మద్దిలేటి నిజంగానే జాలిపడి, పార్టీ టోపీ ఒకటి ఇచ్చి పంపాడు.

నెలకు ఫలితాలొచ్చాయి. మూడువందల పన్నెండు మందికీ ముప్పు ఎక్కువే. అందరిలోనూ అవే తేడాలు, అవే చోట్ల. డాక్టరమ్మ తల పట్టుకుంది. నాయకులవారు మాత్రం పొంగిపోయారు. "ఇంత ముప్పు రాష్ట్రంలో ఇంకే ఊరికన్నా ఉండాదా?" లిస్టులో ఉన్నవాళ్లందరికీ కడపలో ఉచితంగా పేగు పరీక్ష, రానూపోనూ బస్సు ప్రకటించారు.

మొదటి బస్సులోనే వలి వెళ్లాడు. పేగులో గడ్డ కనబడింది. ఇంకా క్యాన్సర్‌గా మారలేదని చెప్పి తీసేశారు. ఇంటికొచ్చి జమీలాబీ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

ఆమె వంతు ఆఖరి బస్సులో వచ్చింది. ఎక్కించడానికి వచ్చిన వలి, చేతిసంచితో నిలబడ్డ మద్దిలేటిని చూశాడు. "నీ పుణ్యాన బతికినా మద్దిలేటన్నా!" అన్నాడు.

మద్దిలేటి నవ్వలేదు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు.

నర్సు శివలీల లిస్టు రెండుసార్లు వెతికింది. "మీ పేరు లేదే. ఇంతకీ ఆరోజు మీరు ఉమ్మి ఇచ్చారా?"

పక్కనే నాయకులవారు పచ్చజెండా పట్టుకుని ఫొటోకు సిద్ధంగా ఉన్నారు. మద్దిలేటి ఆయన వైపు చూశాడు.

"లేదమ్మా," అని కాలు దించాడు.