రాత్రి ధర

ఆ మంగళవారానికి డూగల్ రాంకిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి కరెంటు సలహా కేంద్రం నుంచి ఒక అమ్మాయి వస్తుంది. ఇల్లు చూసి, మీటరు చూసి, బిల్లు పెరగడానికి కారణం ఓవెనేనని తేలుస్తుంది. గురువారం పాత సామాన్ల మాక్రే వచ్చి ఆ ఓవెన్‌ను పట్టుకుపోతాడు. బేరం కూడా కుదిరిపోయింది. ఇక మిగిలిందల్లా భార్య ఎఫీ చేత అవుననిపించడమే.

డూగల్‌ది గ్రీనాక్ ఊళ్ళో తివాచీల దుకాణం. చవకగా ఉన్నప్పుడు కొనాలి, అవసరం పడ్డవాడికి అమ్మాలి. అతనికి తెలిసిన వేదాంతం అంతే. వాళ్ళింటికి కరెంటు రెండు ధరల్లో వచ్చేది. అదే తీగ, అదే సరుకు, కానీ రాత్రి కొంటే పగటి ధరలో సగం కూడా ఉండదు. పగలు కొనేవాడు డూగల్ దృష్టిలో బేరం తెలియని మనిషి. అలాంటి మనిషి అతని ఇంట్లోనే ఉంది. ఎఫీ పట్టపగలు పెద్ద ఓవెన్ వెలిగించి, పిండిలో మాంసం పొదిగి కాల్చే స్టేక్‌పైలు చేసి, ఊళ్ళోని క్లబ్బులకూ చర్చి హాళ్ళకూ అమ్మేది. ఆ డబ్బు ఆమెది. ఆ ఓవెన్ కొన్నదీ ఆమే.

జనవరి చలికి బిల్లు కాస్త పెరిగింది. డూగల్ బట్టలుతకడం రాత్రికి మార్చాడు. బిల్లు ఇంకా పెరిగింది. ఆరబెట్టే యంత్రాన్ని రాత్రికి మార్చాడు, ఇస్త్రీ మార్చాడు, చివరికి తన స్నానం కూడా మార్చాడు. బిల్లు మరింత పెరిగింది. ఇక ఇంట్లో పగలు నడిచేది ఓవెన్ ఒక్కటే కనుక దొంగ అదేనని తీర్పు చెప్పాడు.

"ఓవెన్ జోలికి రాకు," అంది ఎఫీ. "నీ దుకాణం అద్దె రెండుసార్లు దాని కడుపులోంచే వచ్చింది."

"వచ్చింది. ఇప్పుడు వడ్డీతో సహా అదే తినేస్తోంది."

రాజీ ఒక్కటే కుదిరింది. సలహా కేంద్రం అమ్మాయి ఏం చెబితే అది ఇద్దరూ వినాలి. ఆమె ఓవెన్ తప్పంటే ఓవెన్ వెళ్ళిపోతుంది.

ఆ అమ్మాయి వచ్చేసరికి ఇల్లు పొదుపుకు నమూనాలా కనబడాలని డూగల్ పట్టుదల. వెచ్చదనం అద్దాల్లోంచి బయటికి పోకుండా వీధివైపు పరదాలన్నీ మూసేశాడు. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బు వాళ్ళు, చలికాలం పోయిందని ఆ మంగళవారం మైదానం తెరిచే పండగ పెట్టుకుని ఎఫీకి నలభై పైలు పురమాయించారు. వాటిని సోమవారం రాత్రే కాల్చి తీరాలన్నాడు. మాట తనది కనుక తనూ మేలుకుని పిండి ఒత్తాడు. తెల్లారేసరికి నడుం పట్టేసింది. దుకాణానికి వెళ్ళి, జీవితంలో మొదటిసారి తలుపుకు "ఈ రోజు మూసివేత" అని కాగితం అంటించి, ఇంటికొచ్చి పిండి చేతులతోనే పడుకున్నాడు.

కింది అంతస్తులో మిసెస్ గెడ్డెస్ ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, గుండెకు చిన్న యంత్రం పెట్టించుకుంది. రాత్రంతా ఆమెకు పైనుంచి స్టేక్‌పైల వాసన వస్తూనే ఉంది. ఆ ఊళ్ళో చావింటి భోజనమంటే స్టేక్‌పైయే. పొద్దున పాలకు వెళ్తూ తలెత్తి చూస్తే రాంకిన్ వాళ్ళ పరదాలన్నీ మూసి ఉన్నాయి. పగలు పరదాలు మూశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. ఎవరా అనుకుంటూ వీధి మలుపు తిరిగేసరికి దుకాణం తలుపు మీద కాగితం కనబడింది. తల్లిని పాతిపెట్టిన రోజున కూడా మధ్యాహ్నానికల్లా దుకాణం తెరిచినవాడు డూగల్. అలాంటి దుకాణం మూతపడిందంటే, తెరవడానికి డూగల్ లేడన్నమాట.

అయినా ఆమె తొందరపడే మనిషి కాదు. మాంసం కొట్టులో వాకబు చేసింది.

"ఎఫీ ఎంత మాంసం పట్టుకెళ్ళింది?"

"నలభై మందికి సరిపడా," అన్నాడు కొట్టువాడు.

"నలభై మందా," అంది మిసెస్ గెడ్డెస్ కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, డూగల్‌కు అంతమంది ఉన్నారని నేననుకోలేదు."

కొట్టువాడు బౌలింగ్ క్లబ్బు అధ్యక్షుడు ఉర్కార్ట్‌కు ఫోన్ చేశాడు. ఉర్కార్ట్ పెద్దమనిషి. కొత్తగా విధవైన మనిషిని పైలు అడగడమేమిటని అప్పటికప్పుడు ఇంకోచోట శాండ్‌విచ్‌లు పురమాయించి, సభ్యుల దగ్గర చందా పోగుచేసి శవపేటిక మీద పెట్టే పూలచక్రం కొన్నాడు. అలా ఒక్క ఫోనుతో ఎఫీ బేరం పోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పడం మర్యాద కాదనుకుని ఎవరూ చెప్పలేదు.

వాకిలి గంట మోగింది. ఎఫీ తలుపు తీసింది. నోరు తెరిచేలోగా మిసెస్ గెడ్డెస్ ఆమెను గట్టిగా వాటేసుకుంది. వెనక మెట్ల మీద నల్లకోట్లు వరస కట్టి ఉన్నాయి, మధ్యలో పూలచక్రం బండి చక్రమంత ఉంది. దాని మీద రిబ్బన్ అక్షరాలు ఎఫీ ఒకటికి రెండుసార్లు చదివింది. అప్పుడే నిద్రలేచి, లోపలి లాగూతో, జుట్టు నిండా మైదాతో నడవలోకి వచ్చిన డూగల్ కూడా అవే అక్షరాలు చదివాడు. అందులో ఉన్నది తన పేరే. ఆ చక్రం అడ్డుగా ఉండడంతో మెట్ల మీదివాళ్ళకు మాత్రం అతను కనబడలేదు.

మిసెస్ గెడ్డెస్ ఇంకా ఎఫీ భుజం మీదే తల పెట్టుకుని ఉంది. ఆవిడ తలెత్తి చూస్తే, ఆ గుండెకు, ఆ యంత్రానికి ఏమవుతుందో ఎఫీ ఒక్క క్షణంలో ఊహించుకుంది. వెనక్కి కాలు చాపి డూగల్‌ను మీటరున్న కొట్టుగదిలోకి తోసి, మడమతో తలుపు మూసింది. ఆవిడను కాస్త కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పి, తర్వాత బయటికి పిలుద్దామనుకుంది.

నెమ్మదిగా చెప్పడం కుదరలేదు.

"గెడ్డెస్ గారూ, ఆయన బాగానే ఉన్నాడండీ."

"ఉంటాడు తల్లీ. ఇప్పుడే కదా బాగున్నాడు. ఏ నొప్పీ లేదు, ఏ బిల్లూ లేదు."

"అది కాదు, ఆయన ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాడు."

"మనతోనే ఉన్నాడమ్మా," అన్నాడు ఉర్కార్ట్ టోపీ గుండెకు ఆనించుకుని. "ఎప్పటికీ ఉంటాడు."

కొట్టుగదిలో డూగల్ బకెట్టు మీద కూర్చుని తన గురించి ఊరు ఏమనుకుంటోందో విన్నాడు. మంచివాడేనన్నారు. తివాచీ కొలతలో అంగుళం ఎక్కువ ఇచ్చేవాడు కాదని ఒకరంటే, తక్కువ కూడా ఇచ్చేవాడు కాదని ఇంకొకరన్నారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వినిపించిన చప్పుళ్ళకు అతని ప్రాణం నిజంగానే పోతుందనిపించింది. ఎవరో కెటిల్ నొక్కారు. చీకటిగా ఉందని దీపాలన్నీ వేశారు. విధవరాలికి చలిగా ఉంటుందని కరెంటు కుంపటి పెట్టారు. అంతలో వంటింట్లోంచి ఒకావిడ పైలు వెచ్చబెడతానంటూ ఓవెన్ రెండు అరలూ వెలిగించింది. పగలు. అంతా పగటి ధరకు.

ఎంత నష్టమో కళ్ళారా చూద్దామని డూగల్ మేకుకు వేలాడే టార్చి తీసి మీటరు మీద వేశాడు. పైవరస అంకెలు పగటివి, కిందివరస రాత్రివి. పైవరస గుర్రంలా పరిగెడుతూ ఉంటుందనుకున్నాడు. అది సమాధిరాయిలా కదలకుండా ఉంది. కిందివరస తిరుగుతోంది. డూగల్ చేతి గడియారం చూసుకున్నాడు. దాదాపు మధ్యాహ్నం. గాజు మీద వేలితో కొట్టాడు. కిందివరసే తిరిగింది.

మొదట సంతోషం కలిగింది. ఇంతమంది చవక కరెంటుకే టీ తాగుతున్నారు. ఆ వెంటనే లెక్క రెండో వైపు తేలింది. పగలు చవకైతే రాత్రి ఏమిటి? రాత్రి ఉతికిన బట్టలు, రాత్రి ఆరబెట్టిన దుప్పట్లు, వణుకుతూ రాత్రిపూట చేసిన స్నానాలు, నిన్న రాత్రి నలభై పైలు. వ్యాపారంలో మోసపోవడం వేరు. రోజూ రాత్రి అలారం పెట్టుకుని మరీ లేచి మోసపోవడం వేరు.

సరిగ్గా అప్పుడు సలహా కేంద్రం అమ్మాయి వచ్చింది. పేరు కిర్స్టీ. మెట్ల మీదే ఆమెకు విషయం చెప్పారు. మెల్లగా ఎఫీ పక్కన కూర్చుని, కరెంటు ఖాతా ఎఫీ పేరుకు మార్చే పని తాను చూసుకుంటానంది.

"అమ్మాయ్, నువ్వైనా విను," అంది ఎఫీ. "మా ఆయన చావలేదు."

కిర్స్టీ ఆమె చెయ్యి నిమిరింది. "మొదట్లో అందరికీ అలాగే ఉంటుందండీ. మీరు కూర్చోండి, నేను మీటరు చూసొస్తాను." ఎఫీ లేచేలోగా వెళ్ళి కొట్టుగది తలుపు తీసింది.

లోపల తెల్లటి జుట్టు, తెల్లటి మొహం, తెల్లటి లాగూ, గడ్డం కింద టార్చి వెలుగు. కిర్స్టీ వేసిన కేకకు ఉర్కార్ట్ చేతిలోని టీ పూలచక్రం మీద పడింది. డూగల్‌కు ఆ కేక వినబడనేలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మీటరు ముందుకు లాగాడు.

"చూడు తల్లీ. మిట్టమధ్యాహ్నం రాత్రి అంకె తిరుగుతోంది. నేనేం పాపం చేశాను?"

అందరికంటే ముందు వచ్చింది మిసెస్ గెడ్డెసే. కళ్ళజోడు సర్దుకుని అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె గుండెకు ఏమీ కాలేదు.

"బతికుండగా ఇంత తెల్లగా ఎప్పుడూ లేడు," అంది.

కిర్స్టీ ఊపిరి తీసుకోవడానికి ఒక టీ పట్టింది. తర్వాత ఓవెన్ ఆపించి, మళ్ళీ వేయించి, కిందివరస నెమ్మదించి మళ్ళీ వేగం పుంజుకోవడం చూసింది. మీటరు పక్క పెట్టెలో ధర మార్చే గడియారం ఒకటి ఉంటుంది. జనవరి తుఫానులో సగం రోజు కరెంటు పోయినంతసేపూ ఆ గడియారం ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచే నడవడం మొదలుపెట్టింది. దాని లెక్కలో ఇప్పుడు అర్ధరాత్రి. రాత్రి ధరకు వేడి నింపుకుని పగలు వదిలే గోడ హీటర్లు అప్పటి నుంచి పొద్దున చల్లగా, సాయంత్రం వేడిగా ఉండేవి. అది తాను మీట తిప్పిన నేర్పని డూగల్ నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

"అంటే ఓవెన్ సంగతి?" అంది ఎఫీ.

"ఓవెన్ తప్పేం లేదండీ. ఆ హీటర్లు వదిలేస్తే, మొన్నటిదాకా ఈ ఇంట్లో చవక కరెంటు వాడుకున్నది అదొక్కటే."

నల్లకోట్ల వాళ్ళందరూ డూగల్ వంక, అతను పోయాడని విన్నప్పటికన్నా ఎక్కువ జాలిగా చూశారు.

ఎఫీ తొందరపడలేదు. ముందు ఉర్కార్ట్‌ను క్లబ్బు పురమాయింపు గురించి అడిగింది. శాండ్‌విచ్‌ల సంగతి ఆయన తల దించుకుని చెప్పాడు. తర్వాత వంటింట్లోకి తొంగిచూసింది. పైలు చివరికొచ్చాయి. దుఃఖంలో జనానికి ఆకలెక్కువ. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నలభై పైలు. క్లబ్బుకు చెప్పిన ధరే నీకూ."

డూగల్ అలవాటుకొద్దీ తగ్గింపు అడగబోయి నోరు మూసుకున్నాడు. మాక్రేకు అందరి ముందూ అతని చేతే ఫోన్ చేయించింది. బేరం రద్దని చెబుతుంటే అతని గొంతు, బావిలోంచి వస్తున్నట్టుంది.

కిర్స్టీ వెళ్తూ వెళ్తూ కరెంటు కంపెనీకి తానే రాస్తానంది. మనిషి వచ్చి కొత్త మీటరు పెడతాడట. అప్పటి నుంచి రాత్రి మళ్ళీ రాత్రవుతుందట. ఈలోగా పనులన్నీ పగలే చేసుకోమంది. మీటరు మారాక పైలు కాల్చడం రాత్రికి మార్చుకోవాల్సి ఉంటుందేమోనని డూగల్ ఆశగా గొణిగాడు.

"మార్చుకుందాం," అంది ఎఫీ. "పిండి ఒత్తడం నీకు వచ్చేసిందిగా. రాత్రుళ్ళు నువ్వే చేద్దువు గాని. నేను పడుకుంటాను."

ఆ మాటను డూగల్ చాలా రోజులు అన్ని వైపుల నుంచీ తూకం వేశాడు. వసంతం ముగిసే వేళ కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, కొత్త మీటరు పెట్టే మనిషిని పంపడం ఆలస్యమవుతోందని, క్షమించమని వేడుకుంది. అప్పుడు మిట్టమధ్యాహ్నం, వంటింట్లో ఓవెన్ రెండు అరలూ నిండుగా ఉన్నాయి, ఉతికే యంత్రం గిరగిరా తిరుగుతోంది. డూగల్ కొట్టుగది తలుపు దగ్గరగా వేసి, గొంతు బరువుగా చేసుకున్నాడు.

"పరవాలేదమ్మా, ఈ మధ్యే మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. మీకు వీలు చిక్కినప్పుడే రండి."