ఆకలి లేని అడవి

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు ఇప్పచెట్లు పూయలేదు. ఇప్పపూలు ఏరి, ఎండబెట్టి, సంతలో దుంపలకు మార్చుకుని బతికే చిన్న కుటుంబాలన్నీ పస్తుల్లో పడ్డాయి.

అధ్యక్షుడు ఏనుగు దంతయ్య సభ పిలిచాడు. "గోదాములో దుంపలున్నాయి. లేనివాళ్లకు పంచుదాం" అన్నాడు.

కార్యదర్శి నక్క శేషాచలం లేచాడు. "తప్పకుండా పంచుదాం సార్. కానీ ఉన్నవాళ్లు కూడా లేదని వస్తారు. ముందు ఇల్లిల్లూ తిరిగి విచారణ చేయిద్దాం."

మాట న్యాయంగానే ఉందనిపించింది. విచారణ పని ఎలుగుబంటి జాంబయ్యకు అప్పగించారు. జాంబయ్య మంచివాడే. కాకపోతే ఉత్త మొహమాటస్తుడు, ఎవరేం పెట్టినా కాదనలేడు.

కుందేలు చెంగమ్మకు నలుగురు పిల్లలు. మొగుడు కిందటేడే పోయాడు. రెండు రోజులుగా పిల్లలకు గడ్డివేళ్లే తిండి. చిన్నది లేచి ఆడడం కూడా మానేసింది. ఇంట్లో మిగిలింది ఒక్క చిలగడదుంప.

ఆ మధ్యాహ్నం జాంబయ్య వచ్చి, చెమట తుడుచుకుంటూ గుమ్మంలో కూర్చున్నాడు. గుమ్మంలోకి వచ్చిన పెద్దమనిషికి ఏమీ పెట్టకుండా పంపడం చెంగమ్మకు చేతకాలేదు. ఆ దుంప ఉడకబెట్టి ముందుపెట్టింది.

"ఇవన్నీ ఎందుకమ్మా" అంటూనే తినేశాడు. మూతి తుడుచుకుని కాగితం తీసి, 'ఇంట్లో తిండి ఉంది. బాగుంది కూడా' అని రాశాడు.

"అయ్యా, అదే ఆఖరిది" అంది చెంగమ్మ.

"నిజమేనమ్మా. కానీ నేనొచ్చేసరికి ఉంది కదా. చూసిందే రాయాలి."

ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. వారం తిరిగేసరికి జాంబయ్య కాస్త ఒళ్లు చేశాడు, నివేదిక తయారైంది: అడవిలో ఆకలి లేదు.

దంతయ్య పొంగిపోయి పొరుగు అడవి దాకా చాటింపు వేయించాడు. మూడో రోజున అక్కడి పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది. 'మీకు కరువు లేదని విని సంతోషించాం. మావాళ్లు రెండొందల మంది వస్తున్నారు. నాలుగు రోజులు చూసుకోండి.'

దంతయ్య తొండం జారిపోయింది. "ఇప్పుడు మా దగ్గరా కరువేనంటే నవ్విపోతారయ్యా. గోదాము తెరవండి."

"విచారణ?" అన్నాడు జాంబయ్య.

"చుట్టాలను విచారిస్తామా?" అన్నాడు శేషాచలం.

పొరుగు అడవికి హద్దైన ఏటి ఒడ్డున చుట్టాలకు పంపకం మొదలైంది. సంగతి తెలిసి చెంగమ్మ పిల్లల్ని తీసుకుని ఏరు దాటింది. అవతలి గట్టున వెనక్కి తిరిగి, మళ్లీ ఏరు దాటొచ్చి వరసలో నిలబడింది. ఆమె వెనకే ఏదుపందులు, ఉడతలు, అడవిపిల్లులు, ఊళ్లకు ఊళ్లు.

"ఎక్కణ్ణించమ్మా?" అని అడిగాడు శేషాచలం.

"ఏటి అవతల నుంచి బాబూ."

పక్కనే ఉన్న జాంబయ్య ఆమెను గుర్తుపట్టాడు. ఆమె భుజాన వాలిపోయిన చిన్నదాన్ని చూశాడు.

"ఈవిడకు ఇంకో రెండు దుంపలు ఎక్కువేయండి" అన్నాడు నెమ్మదిగా. "చాలా దూరం నుంచి వచ్చింది."

ఆ సాయంత్రం చాలా ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఖాళీ గోదాము ముందు నిలబడి దంతయ్య, మనవాళ్లు ఒక్కరైనా చెయ్యి చాపలేదని గర్వంగా చెప్పుకున్నాడు.

ఇందులో నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే ఇదే: సొంత అడవిలో పిడికెడు సాయం దొరకాలంటే, ముందు అక్కడ పరాయివాడివి కావాలి.