విరిగిన పాలు, విరగని కాలు

ఆ ఉదయం జెనబూ ఇంట్లో పెట్టుకున్న పని చాలా సులువైనది. కూతురు రెకియాను అడగడానికి పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వస్తారు. వాళ్ళ చేతికి సొరబుర్రలో పాలు అందించాలి, వాళ్ళు తాగాలి, మాట ఖాయం కావాలి. పశువులే బతుకైన ఫులానీల ఇంట చుట్టానికి పాలివ్వకపోవడమంటే మొహాన తలుపు వేసినట్టే. అసలే ఎండాకాలం. ఆవుల మందంతా మేతకని దక్షిణానికి పోయింది. ఇంటి దగ్గర మిగిలిన రెండావుల పాలే దిక్కు.

"చక్కెర, చుట్టాలకు పెట్టడానికి కోలా కాయలు తెస్తాను. పాలు పొంగకుండా చూడవే, అంతే నీ పని," అని కొత్త కోడలు సెనామికి అప్పగించి జెనబూ నిక్కి సంతకు వెళ్ళింది.

సెనామి సముద్రం ఒడ్డున కొటోనూ నగరంలో పుట్టి పెరిగిన పిల్ల. ఆమె ఎరిగిన పాలు డబ్బాలో వస్తాయి, పొంగవు. ఇవి పొంగాయి. కంగారులో పక్క గిన్నెలో ఉన్న చల్లటి నీళ్ళు గుమ్మరించింది. పొంగు చటుక్కున అణిగింది. తన తెలివికి తనే మురిసిపోతుండగానే పాలు తరకలు తరకలుగా విడిపోయి, చుట్టూ పచ్చటి నీళ్ళు తేలాయి.

రెకియా తొంగి చూసి గుండె బాదుకుంది. "వదినా! అది నీళ్ళు కాదు, అమ్మ వగాషి జున్ను కోసం నలిపి పెట్టిన జిల్లేడాకు రసం!"

ఆ కేకకు సెనామి భర్త గొరాదో పరుగున వచ్చాడు. అతను బడిలో సైన్సు మాస్టారు. కుండలోకి చూడగానే అతనిలోని భర్త పక్కకు తప్పుకున్నాడు, మాస్టారు ముందుకొచ్చాడు.

"మాంసకృత్తు అంటే మడతలు పెట్టిన దారం లాంటిది. వేడి తగిలితే కొన్నిటి మడతలు ఊడిపోతాయి. గుడ్డులో తెల్లసొన గట్టిపడేది అందుకే. ఇక్కడ జిల్లేడు కూడా తోడైంది. పాలలో మాంసకృత్తులు ఒకదాన్నొకటి అంటుకోకుండా కాపాడే కొసల్ని అది కత్తిరించేసింది. ఇక అవన్నీ అతుక్కుపోతాయి. మళ్ళీ పాలవడం కల్ల."

"అవి అతుక్కున్నాయి సరే అన్నయ్యా, నా సంబంధం అతుక్కుంటుందా?"

గొరాదో పాలు అడగడానికి పక్కింటి సండా తాత దగ్గరికి పరుగెత్తాడు. తాతకు చెవుడు.

"తాతా, అమ్మ పెట్టిన పాలు విరిగాయి!"

"అమ్మ కాలు విరిగిందా! అయ్యో నా తల్లి!"

"కాలు కాదు తాతా, పాలు!"

"కాళ్ళా! రెండూనా?"

ఇక చెప్పి లాభం లేదని గొరాదో పాల కోసం ఇంకో ఇంటికి పరుగెత్తాడు. తాత కర్ర పుచ్చుకుని ఎముకలు కట్టే బుకారి ఇంటికి బయల్దేరాడు. దారిలో ఎదురైన పెళ్ళివారికీ కబురు అందించాడు.

దాంతో పెళ్ళివారు మొహాలు వేలాడేసుకుని ఇంట్లో అడుగుపెట్టారు. ముందు నడిచింది పెళ్ళికొడుకు పెద్దమ్మ హప్సతు. వాళ్ళింట్లో ఆవిడ ఊ అంటేనే ఏదైనా జరిగేది.

"ఎలా జరిగిందమ్మా ఈ ఘోరం?" అని ఆవిడ సెనామిని అడిగింది.

సంగతి అప్పుడే తెలిసిపోయిందనుకుని సెనామి భోరుమంది. "అంతా నా వల్లే పెద్దమ్మా. అత్తయ్య నన్నే చూసుకోమన్నారు. నేనే నా చేతులతో విరగ్గొట్టాను."

పెళ్ళివారు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమెకు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే తలమీద బుట్టతో జెనబూ చకచకా వాకిట్లోకి వచ్చింది. పెళ్ళివారిలో ఒకావిడ కెవ్వుమంది. వెనకే వచ్చిన బుకారి ఒక్క దూకులో జెనబూ చీలమండ ఒడిసి పట్టుకున్నాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

"నీ బుర్రలో! వదలరా కాలు!"

బుట్ట పడింది. కోలా కాయలు వాకిలంతా దొర్లాయి. వాటిని ఏరేలోపు అసలు విషయం బయటపడింది. కాలు బాగానే ఉంది, పాలే లేవు. సెనామి చెప్పబోయింది. జెనబూ కుండలోకి ఒకసారి చూసి, కోడలి మొహం ఒకసారి చూసి, అడ్డొచ్చింది.

"పిల్ల తప్పేం లేదు. పాలు వద్దు, జున్ను చెయ్యమని నేనే చెప్పాను."

సెనామి కళ్ళు నిండిపోయాయి. తరకలు వడగట్టి, ముద్ద చేసి, ముక్కలు కోసి నూనెలో ఎర్రగా వేయించి, కారం చల్లి తెచ్చింది. హప్సతు ఒక ముక్క తిన్నది. ఇంకో ముక్క తిన్నది. గోడకు ఆనుకున్న రెకియా ఊపిరి బిగబట్టింది. పళ్ళెం ఖాళీ చేశాక ఆవిడ సెనామి చెయ్యి పట్టుకుంది.

"నాకు పాలు పడవు తల్లీ. ఫులానీ పుట్టుక పుట్టి ఆ మాట ఎవరితో అనను? వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ సొరబుర్ర ఎత్తడం, పొట్ట పట్టుకుని ఇల్లు చేరడం. జున్నయితే హాయిగా తింటాను. ఇవాళ నన్ను బతికించావు. అల్లా నీ చెయ్యి చల్లగా ఉంచాలి!" అని, జెనబూ వైపు తిరిగింది. "పిల్లను మాకే ఇవ్వు. పెళ్ళికీ ఈ పిల్ల చేతి వగాషే పెట్టాలి."

వాళ్ళు వెళ్ళాక సెనామి అత్తగారి ముందు మోకరిల్లింది. "నా కోసం అబద్ధమాడారు అత్తయ్యా. ఈ రుణం ఎలా తీర్చుకోను?"

"లేవవే పిచ్చిదానా," అంది జెనబూ. "పాలు రేపు పిండుకుంటాం. కోడల్ని ఎక్కడ పిండుకొస్తాను?"

తీరా పెళ్ళికి వగాషి చెయ్యమంటే, పొంగుతాయన్న భయంతో సెనామి పాలు వేడి చెయ్యనేలేదు; ఎంత రసం పోసినా అవి విరగలేదు.